బాగుండే కంటికి గంత

పోయిన వారం ప్రొద్దుటూరులో కండ్ల డాక్టరు దగ్గర నేను పెద్ద గలాటా చేసినానంట. ఇంటికొచ్చినాక మా కూతురు మా అల్లునితో అట్లనే చెప్పింది. చేసినాను. మళ్లా అట్లాంటిది కండ్లబడితే మళ్లా చేస్తాను.

జరిగింది ఇది. నాకు శుక్లం తీసినాక చూపించుకునేదానికి పోయింటిమి. బెంచీ మీద నా పక్కన ఒక పాప, ఐదేండ్లుంటాయేమో. కుడి కంటి మీద తెల్ల బిళ్ల అతికించినారు. ఎడమ కన్ను ముక్కు పక్కకు తిరిగింది. చూస్తానే నాకు తెలిసిపోయింది. పాపకు అవతల వాళ్లవ్వ కూర్చోనుంది, నాకంటే పదేండ్లు చిన్నదేమో. ఆ బిళ్ల అంచు గోరుతో పట్టుకోని మెల్లగా పీకుతాంది.

"డాక్టరు పిలిచినప్పుడు అతికిస్తాం లే. అంతదాకా బిడ్డకు గాలాడనీ. చూసినోళ్లంతా గుడ్డిపిల్ల అనుకుంటాండారు" అని నవ్వుతా నాతోనే చెప్పింది.

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"చెయ్యి తియ్."

"ఏందిమ్మా నువ్వు? నా మనవరాలు, నా ఇష్టం."

"నీ ఇష్టం నీ కండ్ల కాడ పెట్టుకో. ఆ బిడ్డ కన్ను నీ సొత్తు కాదు" అన్నాను. గట్టిగానే అన్నట్టుండాను, హాలంతా మా పక్కకు తిరిగింది. లోపల్నుంచి కాంపౌండరు పరిగెత్తుకోని వచ్చినాడు. మా కూతురు నా రెక్క పట్టుకోని బయటికి లాక్కపోయింది. ఆటోలో "ఊర్లోవాళ్ల బిడ్డతో మనకేం పనిమా? నీకు బీపీ పెరగతాది" అనింది. దానికి నా కాడ జవాబుంది. ఆటోలో చెప్పి ముగించే జవాబు కాదది.

మాది ప్రొద్దుటూరులో మగ్గాల వీధి. పొద్దున్నే లేస్తే వీధి ఆ కొస నుంచి ఈ కొసకు నూలు సాగదీసి గంజి పూస్తాండేవాళ్లు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, ఎవరింట్లోనో రోట్లో ఎర్రకారం నూరే ఘాటు. ఎండెక్కేసరికి ఇంటింటా టకాటకా అని మగ్గం చప్పుడు. నాయన మగ్గం కింద గుంతలో కాళ్లు దించుకోని నేస్తాండె. అమ్మ రాట్నం కాడ కూర్చోని దారం చుడతాండె. మా జేజి, అంటే నాయనకు అమ్మ, అరుగు మీద కూర్చోని వీధినంతా ఏలుతాండె.

జేజికి నేనంటే పాణం. ఇది ముందే చెప్పాల, లేకుంటే తర్వాత చెప్పేది మీకు వేరే మాదిరి వినపడతాది. సంగటి ముద్దలో గుంత చేసి నెయ్యి పోసి ముందు నాకే పెట్టేది. మా అన్నకు కూడా నా తర్వాతనే. రాత్రిపూట నా ఈపు గోకతా నిద్రపుచ్చేది.

నా ఎడమ కన్ను పుట్టినప్పట్నుంచీ లోపలికి తిరిగిందంట. జేజి దాన్ని అదృష్టం అనేది. "మెల్లకన్ను ఆడపిల్ల ఇంట్లో ఉంటే మగ్గం మీద పోగు తెగదు" అని వచ్చినోళ్లకంతా చెప్పేది. పోగులు దినమూ తెగుతానే ఉండె. వీధి పిల్లోళ్లు మాత్రం "ఒక కన్ను కడపకు, ఒక కన్ను కర్నూలుకు" అని నన్ను ఎగతాళి చేస్తాండిరి. అప్పుడు రాజధాని కర్నూలు. ఆడ గుడారాలేసి కచేరీలు నడుపుతాండారని పెద్దోళ్లు సాయంత్రం అరుగుల మీద చెప్పుకోని నవ్వుకునేవాళ్లు. "గాలివాన వస్తే గవర్మెంటు ఎగిరిపోదా?" అని మా జేజి అడిగేది.

నా కన్ను సంగతి బయటపడింది గోళీలాటలో. అన్న నాకంటే రెండేండ్లు పెద్ద. ఒక కన్ను మూసుకోని గురి చూడాలని నేర్పించినాడు. నేను కుడి కన్ను మూసినాను. గోళీ లేదు. గుంత లేదు. అన్న మొగం ఉండే చోట చిక్కని గంజి మాదిరి మసక. నాకు ఆశ్చర్యం కాలేదు. అందరికీ అంతేనేమో అనుకున్నాను. ఒక కన్ను చూసేదానికి, ఇంకొక కన్ను మొగం నిండుగా ఉండేదానికి.

ఇంట్లోకి పోయి అమ్మను అడిగినాను. "మా, నీకు చూసే కన్ను ఏది, ఉత్త కన్ను ఏది?"

"ఉత్త కన్నేంది పాపా?"

చెప్పినాను. అమ్మ రాట్నం నిలిపింది. గంజి వాసన కొట్టే అరచేత్తో నా కుడి కన్ను మూసింది. "ఎన్ని వేళ్లు?"

"వేళ్లు యాడుండాయి?"

అమ్మ నా తల తన కడుపుకు ఆనించుకోని కూర్చుంది. రాట్నం ఎందుకు ఆగిందని జేజి అరుగు మీద నుంచి కేక పెట్టేదాకా.

జేజికి తెలిసినాక ముందు పసరు వైద్యం. వీధి చివర ఒకాయప్ప ఏదో ఆకు నలిపి కంట్లో పిండినాడు. రెండు దినాలు కారం పెట్టినట్టు మండింది. మూడో దినం అమ్మ నాయనతో చెప్పింది, "జమ్మలమడుగు ఆసుపత్రికి పోతాను" అని. పెండ్లయినాక నాయనను ఏమన్నా అడగడమే అరుదు. ఆ పొద్దు అడగలేదు, చెప్పింది.

"పోయిరావాలంటే దినమంతా పాయె. మగ్గం ఆగిపోతాది."

"రేపటికి సరిపోను ఈ పొద్దే చుట్టి పెడతాను."

చుట్టి పెట్టింది. మరుసటి పొద్దు జొన్నరొట్టె, చెనిగ్గింజల ఊరిమిండి పచ్చడి మూటగట్టుకోని బస్సెక్కినాం. ఆడ ఒక డాక్టరమ్మ. తెల్లచీర, కాళ్లకు బూట్లు. మదరాసులో చదివి వచ్చిందంట గానీ మాట మాత్రం మన మాటే. గోడకు ఒక అట్ట తగిలించినారు. దాని మీద మూడు పండ్ల దువ్వెన మాదిరి గుర్తులు, పైన పెద్దది, కిందికొచ్చే కొద్దీ చిన్నవి. దువ్వెన పండ్లు ఏ పక్కకుండాయో చేత్తో చూపించాల. కుడి కంటితో అట్టంతా చూపించినాను. ఎడమ కంటితో నాకు అట్ట కూడా సరిగ్గా కనపడలేదు.

"కన్ను చెడిపోలేదమ్మా" అనింది డాక్టరమ్మ అమ్మతో. "కన్ను చూస్తానే ఉంది. లోపల మెదడు దాని మాట వినేది మానుకుంది. రెండో కన్ను పనంతా చేసేస్తాంటే ఇది సోమరిదైపోయింది."

"మందుందా డాక్టరమ్మా?"

"మందు లేదు. గంత కట్టాల."

"ఈ చెడ్డ కంటికా?"

"కాదు. బాగుండే కంటికి."

అమ్మ నోరు తెరుచుకోని చూసింది. డాక్టరమ్మ నవ్వింది. "పని చేసే ఎద్దును కొట్టంలో కట్టేస్తేనే గదా, సోమరి ఎద్దును కాడికి కట్టేది? దినమంతా గంత. దాంతోపాటు దగ్గరి పని చేయించాల. పూసలు గుచ్చడం, బియ్యంలో రాళ్లేరడం, దారానికి వేలాడగట్టిన ఉండను వేలితో తాకడం. ఆ కన్ను కష్టపడితేనే మెదడు దాని మాట వింటాది. ఎన్నేండ్లు పాపకు?"

"ఏడు నడస్తాంది."

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. "ఇప్పటికే ఆలస్యమైంది. ఎనిమిదీ తొమ్మిదీ దాటితే మెదడు మొండికేస్తాది. ఏడాది పాటు ఒక్క దినం తప్పొద్దు. నెలకొకసారి నాకు చూపించాల."

ఆ మాట డాక్టరమ్మ అమ్మకు చెప్పింది. అమ్మ ఇంటికొచ్చి నాయనకు, జేజికి చెప్పింది. నాకు మాత్రం అర్థమయ్యేటట్టు ఎవరూ చెప్పలేదు. "కట్టుకో" అని ఒకటే చెప్పినారు.

గంత కుట్టింది పక్కింటి సాయిబులామె. ఆమె మొగుడు గాజులమ్ముతాండె, ఈమె ఇంట్లో బట్టలు కుడతాండె. నేను ఆమెను అత్తా అని పిలిచేది. నల్లగుడ్డకు లోపల మెత్తని మల్లుగుడ్డ పెట్టి, చెవులకు ఒరుసుకోకుండా నాడాలు పెట్టి కుట్టింది. "నా బంగారు, నాలుగు దినాలు ఓర్చుకో" అని తానే కట్టింది. కట్టిన వెంటనే లేచి పరిగెత్తి మగ్గం గుంతలో, నాయన కాళ్ల మీద పడినాను.

ఆ గంతంటే నాకు ఎంత అసహ్యమో చెప్పలేను. గడప తగిలి పడతాను, చెంబు అనుకోని గోడను పట్టుకుంటాను. సంగటి ముద్ద పక్కన పప్పుందో పచ్చడుందో వాసన చూసి తెలుసుకునేది. వీధిలోకి పోతే పిల్లోళ్లు "ఇప్పుడు కడప కూడా మూసేసినారు" అని నవ్వేది. అమ్మ మాత్రం వదల్లేదు. పొద్దున పని ముగించుకోని నన్ను అరుగు మీద కూర్చోబెట్టేది. తెగిన పోగులు ఒక చేట నిండా ముందు పోసి, ఎరుపొక పక్క, లక్క మాదిరి అరక్కు రంగు ఒక పక్క, పసుపొక పక్క ఏరమనేది. నూలు ఉండ చేసి దూలానికి వేలాడగట్టి ఊపేది, నేను వేలితో తాకాల. సాయిబులత్త పగిలిన గాజుముక్కలు తెచ్చి ఇచ్చేది, వాటిని జత కలపాల. అరగంటకే ఆ కన్ను నీళ్లు కారేది, తల దిమ్మెక్కేది.

ఒకనాడు సూదితో గంతకు సన్నగా బొక్క పెట్టుకున్నాను. ఆ బొక్కలో నుంచి కుడి కంటితో చూసి పోగులన్నీ చిటికెలో ఏరేసినాను. అమ్మ ముందు సంబరపడింది. తర్వాత అనుమానమొచ్చి గంత విప్పి వెలుతురుకు పట్టి చూసింది. ఈపు మీద ఒకటి ఇచ్చింది. అమ్మ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. నేను ఏడుస్తాంటే లోపలికి పోయి ఒక పాత గుడ్డపీలిక తెచ్చి తన కుడి కంటికి కట్టుకుంది.

"ఇదో, నేనూ కట్టుకున్నా. నువ్వు విప్పితే నేను విప్పుతా."

ఆ పొద్దు నుంచి నేను పోగులేరినంత సేపూ అమ్మ ఒక కంటితోనే రాట్నం తిప్పింది. జేజి చూసి పగలబడి నవ్వింది. "తల్లీబిడ్డా ఇద్దరూ ఒంటికన్ను రాచ్చసులైనారు. ఇంక నా కొడుకు బతికినట్టే."

మొదటి నెల ఆసుపత్రిలో పైనుండే పెద్ద దువ్వెన ఒకటే చూపించినాను. మూడో నెలకు రెండు వరుసలు. ఐదో నెలకు నాలుగు వరుసలు. డాక్టరమ్మ నాకు పిప్పరమెంట్లు ఇచ్చి, అమ్మ చెయ్యి పట్టుకోని ఊపింది. ఇంకో సంగతి. ఆ నెలలోనే ఒక మధ్యాన్నం, గంత కట్టుకోనే అమ్మ మొగం కేసి చూస్తా "మా, నీ ముక్కుపుడకలో ఒక రాయి లేదే" అన్నాను. అమ్మ ముక్కు తడుముకుంది. ఆ రాయి ఎప్పుడో నా పుట్టుకకు ముందే పడిపోయిందంట. నవ్విందో ఏడ్చిందో నాకు తెలీలేదు, చేటలో పోగులన్నీ ఎగిరిపోయేటట్టు నన్ను వాటేసుకుంది.

ఇంకొక ఏడు నెలలు. అంతే కావల్సింది.

పులివెందులలో నాయన అక్క ఉండె. పెండ్లయిన పన్నెండేండ్లకు కొడుకు పుట్టినాడు. వానికి పుట్టెంటికలు తీపిస్తాండారని అందరం పోయినాం. ముద్దనూరు మీద బస్సు. ఆ ఇంటి ముందర పందిరి, ఎండిన చెనిక్కాయల వాసన, లోపల పొయ్యి మీద ఓళిగలు కాలుతాండే వాసన. నేను అందరికంటే ముందు పరిగెత్తి గడప కాడికి పోయినాను. మేనత్త పసిబిడ్డను ఎత్తుకోని ఎదురొచ్చింది. నన్ను చూసి గిర్రున ఎనక్కి తిరిగి బిడ్డ మొగం కొంగుతో కప్పింది.

"శుభమా అని కబురు పంపితే ఒంటికన్నుతో ఎదురొస్తాదా ఇది? అమ్మా, నీకన్నా తెలీదా?"

జేజి ఒక్క అడుగులో వచ్చి నా గంత పీకింది. నేరుగా వంటింట్లోకి పోయి పొయ్యిలో ఏసింది. అమ్మ వెనకాలే ఉరికింది.

"అత్తా, వద్దత్తా. నాలుగు వరుసలొచ్చినాయి. ఇంకా ఏడు నెల్లే."

"నోరుముయ్. ఆడపిల్లకు ఒక కన్ను చాలదా? సంగటి గెలికేదానికి రెండు కండ్లు కావల్నా? మొగపిల్లోడైతే వేరే మాట."

అమ్మ నాయన కేసి చూసింది. నాయన పందిరి గుంజకు ఆనుకోని ఆకువక్క నములుతాండె. వీధిలో ఉమ్మేసి వచ్చి "ఈ రెండు దినాలు తీసేయ్ లే మే. పోయినాక చూద్దాం" అన్నాడు.

అప్పుడు నేనేం చేసినానో చెప్పాల. చప్పట్లు కొట్టినాను. ఎగిరి గంతులేసినాను. జేజి నన్ను ఎత్తుకోని ముద్దుపెట్టి వేడివేడి ఓళిగ మీద నెయ్యి పోసి చేతిలో పెట్టింది. రెండు దినాలు ఆ ఊరి పిల్లోళ్లతో ఒక్కసారి కూడా పడకుండా పరిగెత్తినాను. నా బాల్యంలో అంత సంతోషం ఇంకెప్పుడూ లేదు.

మూడో దినం అత్త ఇంకో మాట అనింది. పిల్లోన్ని ఊయలూపేదానికి తోడు లేదు, మేనకోడల్ని కొన్నాళ్లు ఈడనే పెట్టుకుంటానని. జేజి సరే అనింది. నాయన తలకాయ ఊపినాడు. అమ్మ బస్సెక్కే ముందు నన్ను మూలకు పిలిచి, నా లంగా బొందు కాడ ఏదో దోపింది. సాయిబులత్త కుట్టిన రెండో గంత.

"దినానికి రెండు గంటలన్నా కట్టుకో పాపా. ఎవరూ లేనప్పుడు కట్టుకో. నీకు మొక్కుతా."

నేను తలూపినాను. బస్సు పోయినాక ఆ గంతను అత్తావాళ్ల దూడ మెడకు కట్టినాను.

నాలుగు నెలలకు అమ్మ ఒక్కతే వచ్చింది. తోడు లేకుండా బస్సెక్కడం ఆమె బతుకులో అదే మొదలు. నేను పడసాలలో ఊయలూపుతా ఆ గొంతు విన్నాను. వినంగానే ఏం గుర్తొచ్చిందంటే, గంత. చేట, పోగులు, కారే కన్ను. లేచి పోయి లోపలి కొట్టంలో చెనిక్కాయల మూటల వెనకాల దాంకున్నాను.

"వదినా, పాపను తీసుకపోతాను."

"మా తమ్ముడు చెప్పి పంపినాడా?"

"లేదు."

"అయితే ఎట్ల పంపేది? రేపు నన్నంటారు."

"నా బిడ్డను నేను తీసుకపోయేదానికి ఎవరు చెప్పాల వదినా?"

అత్త నవ్వింది. "బాగా నోరొచ్చిందే నీకు. సరే, పిల్చుకో. వస్తే తీసుకపో."

అమ్మ పిలిచింది. ఇల్లంతా తిరిగి పిలిచింది. వీధిలోకి పోయి పిలిచింది. కొట్టం తలుపు కాడ నిలబడి "పాపా" అనింది. మూటల సందులో నుంచి అమ్మ చీర అంచు, దుమ్ము కొట్టుకోనుండే పాదాలు కనపడతాండాయి. నేను ముక్కు మూసుకోని కూర్చున్నాను, చెనిక్కాయల దుమ్ముకు తుమ్ము వస్తాదేమోనని. నాలుగు గంటల బస్సు దాకా కాచుకుంది. అత్త ఇచ్చిన మజ్జిగ తాగలేదు. తెచ్చిన బెల్లం బొరుగుండలు గూట్లో పెట్టి పోయింది. బస్సు చప్పుడు దూరమైనాక నేను బయటికొచ్చి ఆ ఉండలన్నీ తిన్నాను.

అట్ల దాంకున్న ఆ పిల్ల మీద నాకు కోపం. కానీ ఆ పిల్లకు ఏడేండ్లు. తన కన్ను పోతాందని ఆ పిల్లకు తెలీదు. తెలిసిన పెద్దోళ్లు నలుగురుండారు. ఒకరు పొయ్యిలో ఏసినారు, ఒకరు ఆకువక్క నమిలినారు, ఒకరు ఊయలకు మనిషి దొరికిందనుకున్నారు. నాలుగో మనిషికి బలం లేదు.

మేనత్త కొడుకు నడకలు నేర్చి పరిగెత్తేదాకా, సుమారు రెండేండ్లు, నేను పులివెందులలోనే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి రాజధాని హైదరాబాదుకు పోయింది, అణాలు పోయి నయాపైసలొచ్చినాయి, మా వీధి అరుగుల మీద ఆ లెక్కలు తెగక కొట్లాడుకుంటాండిరి. అమ్మ నన్ను మరుసటి పొద్దే జమ్మలమడుగుకు తీసుకపోయింది.

అదే డాక్టరమ్మ. అదే అట్ట. కుడి కన్ను మూసింది. నాలుగు వరుసలు చూపించిన కంటికి పైనుండే పెద్ద దువ్వెన ఒకటి కనపడింది, అదీ ముక్కి ముక్కి.

"ఇంత తెలిసీ ఎట్ల ఆపినావమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

అమ్మ చెప్పొచ్చు. మా అత్త గంతను పొయ్యిలో ఏసిందని చెప్పొచ్చు. మొగుడు చూస్తా నిలబడినాడని చెప్పొచ్చు. బిడ్డ దాంకుందని కూడా చెప్పొచ్చు.

"నాదే తప్పు డాక్టరమ్మా" అనింది.

ఇంకో మూడు నెలలు కట్టి చూసినాం. ఈసారి నేను బొక్క పెట్టలేదు, విప్పలేదు, ఏడవలేదు. రాత్రి నిద్రలో కూడా కట్టుకుంటానంటే అమ్మే విప్పింది. దువ్వెన కదల్లేదు. "ఇంక చాలమ్మా" అనింది డాక్టరమ్మ. ఇప్పటి డాక్టర్లు పెద్దయినాక కూడా ఓపికగా చేయిస్తే కొంత చూపు వస్తాదంటాండారు. కంప్యూటర్లలో ఆటలు పెట్టి ఆడిస్తాండారు. వింటాంటే నాకు సంతోషం కావల్ల గదా? కాదు. ఒళ్లు మండుతాది. అప్పుడు ఎవరికీ తెలీదు. తెలిసిన కాడికి కూడా చేయనీలేదు.

ఆ చివరిసారి జమ్మలమడుగు నుంచి వచ్చిన మరుసటి పొద్దు, అమ్మ రాట్నాన్ని ఎత్తి గోడకు ఆనించింది.

మగ్గం ఇంట్లో పుట్టనోళ్లకు ఒక మాట చెప్పాల. మొగోడు నేస్తాడు, పేరు మొగోనిది. కానీ పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టేదానికి సన్నని కండెలకు దారం చుట్టి ఇచ్చేది ఆడది. కండె లేకుంటే నాడె ఉత్త కట్టె.

"ఏమ్మే, కండెలేవి?" అన్నాడు నాయన గుంతలో నుంచి.

"లేవు."

"లేవంటే?"

"చుట్టను."

వంట చేసింది. ఇల్లు ఊడ్చింది. జేజికి నీళ్లు కాంచి పోసింది. రాట్నం మాత్రం ముట్టుకోలేదు. మొదటి దినం నాయన అరిచినాడు. రెండో దినం చెయ్యెత్తినాడు. అమ్మ కదలకుండా కండ్లలోకి చూస్తాంటే ఆ చెయ్యి అట్లనే దిగిపోయింది. మూడో దినం జేజి తానే రాట్నం ముందర కూర్చుంది. ఆమె కంటికి పోగు ఆనక తెగుతానే ఉండె. "పాడు చూపు" అని తిట్టుకోని లేచిపోయింది. అమ్మ ఆ మాట విని కూడా మొగం తిప్పలేదు. వీధంతా టకాటకా అంటాంటే మా ఇంట్లో మాత్రం చప్పుడు లేదు. జనం వచ్చి బుద్ధి చెప్పిపోయినారు. సాయిబులత్త ఒక్కతే ఏమీ చెప్పలేదు. దినమూ తన కుట్టుపని తెచ్చుకోని అమ్మ పక్కన కూర్చోని పోయేది.

పదకొండో దినం నాయన వచ్చి అమ్మ ముందర నేల మీద కూర్చున్నాడు. ఆయప్ప నేల మీద కూర్చోని ఆమెతో మాట్లాడడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఏం కావాల్నో చెప్పు."

"పిల్లను బడికి పంపాల. మొగపిల్లోడు ఎంతవరకు చదివితే అంతవరకు."

"సరే."

"ఇంకోటి. దీని విషయంలో ఈ ఇంట్లో ఏం చేయాలన్నా ముందు నన్నడగాల. నేను కాదంటే కాదు."

అరుగు మీద నుంచి జేజి ఏదో అనబోయింది. "నువ్వుండుమా" అన్నాడు నాయన. ఆ మాట ఆయన నోట్లో నుంచి రెండేండ్ల ముందు వచ్చింటే నాకు రెండు కండ్లుండేవి.

జూన్లో నన్ను బడిలో చేర్పించినారు. తొమ్మిదేండ్ల పిల్లను ఒకటో తరగతిలో, పసిపిల్లల మధ్యలో. చదివినాను. వేంపల్లెలో శానా ఏండ్లు టీచరుగా చేసినాను. ఒకటో తరగతిలోకి వచ్చిన ప్రతి బిడ్డకూ మొదటి దినమే ఒక కన్ను నా చేత్తో మూసి, ఇంకొక కంటితో చాక్‌పీసు ఎన్నుండాయో అడిగేదాన్ని. కొందరు తల్లిదండ్రులు విని ఆసుపత్రికి పోయినారు. కొందరు "మా బిడ్డకు లేని రోగం అంటగట్టొద్దు టీచరమ్మా" అని తిట్టినారు. నేనూ తిట్టినాను. నోరున్న టీచరమ్మని పేరొచ్చింది.

జేజి చివరిదాకా తాను తప్పు చేసినానని అనుకోలేదు. పోయే ముందర కూడా నా తల నిమిరి "నా మెల్లకన్ను లచ్చిమి" అనింది. ఆ చెయ్యి నాకిష్టం. ఆ చేతి మీద కోపం కూడా పోలేదు. రెండూ ఒకదాన్నొకటి చంపుకోకుండా నాలో అట్లనే ఉండాయి.

అమ్మకు వయసు మీదపడినాక ఒక మధ్యాన్నం, ఇద్దరం చింతపండు పిక్కలు తీస్తా కూర్చోనుంటే, ఇన్నేండ్లు కడుపులో పెట్టుకున్నది అడిగేసినాను.

"మా, ఆ పదకొండు దినాలు చేసిన పని పులివెందులలో గంత కాల్చిన పొద్దే చేసింటే? ఎందుకు చేయలేదుమా?"

తగలాలనే అడిగినాను. తగిలింది. అమ్మ చేతిలో చింతపండు చేటలో పెట్టింది.

"నాకు అంత కోపం వస్తాదని అప్పుడు నాకే తెలీదు పాపా" అనింది.